చెక్క రోలర్ కోస్టర్ పట్టాల మీద పొద్దున్నే ఎవరు నడుస్తారు? మా మామగారి సందేహం

రాజమండ్రి కోడలు (మన్రోవిల్, పెన్సిల్వేనియా):

అందరికీ నమస్కారం. ప్రశ్న మా మామగారిది, టైప్ చేస్తున్నది నేను. ఆయన పక్కనే కూర్చున్నారు.

మామగారు రైల్వేలో 34 ఏళ్లు చేశారు. అందులో ఎక్కువ కాలం సామర్లకోట వైపు కీమ్యాన్‌గా పనిచేశారు, అంటే రోజూ పట్టా వెంబడి నడుస్తూ బిగింపులు చూసే పని. ఈ వేసవికి మా దగ్గరికి వచ్చారు. మొన్న శనివారం పెన్ హిల్స్‌లో వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్లాం. దర్శనం అయ్యాక మా వాడి గొడవ పడలేక అటునుంచి అటే కెన్నీవుడ్ పార్కుకి వెళ్లాం. మా వాడూ వాళ్ల నాన్నా జాక్ రాబిట్ అనే చెక్క రోలర్ కోస్టర్ ఎక్కారు, నేనూ మామగారూ కిందే ఉన్నాం. అందరూ పైన బండినీ కేకలనీ చూస్తుంటే ఆయన మాత్రం కింద స్తంభాలనే చూస్తూ నిలబడ్డారు. బండి వచ్చినప్పుడల్లా ఆ చెక్క కట్టడం మొత్తం అటూ ఇటూ కదులుతోంది. అది 1920లో కట్టినదని చెప్పగానే ఆయన మొహంలో టెన్షన్ మొదలైంది. మనవడు దిగి వచ్చేదాకా మాట్లాడలేదు.

ఇంటికి వచ్చినప్పటి నుంచి మూడు విషయాలు అడుగుతున్నారు. మొదటిది, కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో తొలిసారి మనుషుల్ని ఎక్కించే ముందు దాన్ని ఎలా పరీక్షించారు? రెండోది, బండి పైకి ఎక్కేటప్పుడు వచ్చే ఆ టకటక శబ్దం దేనిది? మూడోది ఇప్పటికి పదిసార్లు అడిగి ఉంటారు: "పొద్దున్నే ఆ పట్టా మీద ఎవరు నడుస్తున్నారమ్మా?"

మొదటి రెండిటికీ వెతికితే ఏవో దొరికాయి కానీ ఆయనకి తృప్తి కలగలేదు. ఆ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

క్లీవ్‌లాండ్ శ్రీను:

చెక్కవి ఊగడం మామూలేనండి, కంగారు పడొద్దని చెప్పండి. ఊగకుండా బిగిస్తేనే విరుగుతుంది. టకటక శబ్దం బండిని పైకి లాగే గొలుసుదే అనుకుంటా. మేం చిన్నప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కితే అంతకంటే పెద్ద శబ్దాలు వచ్చేవి. పొద్దున నడవడం సంగతి నాకు తెలియదు. ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు కదా.

పానా సుత్తి:

రాజమండ్రి కోడలు గారూ, ముందుగా మీ మామగారికి నా నమస్కారాలు. నేను పదకొండేళ్లుగా ఈ రాష్ట్రంలో రైడ్ ఇన్‌స్పెక్టర్‌ని. అంతకు ముందు మూడు సీజన్లు ఒక పార్కు మెయింటెనెన్స్‌లో చెక్క కోస్టర్ మీదే పనిచేశాను. ఇన్నేళ్లలో నన్ను చాలామంది చాలా అడిగారు. ఎంత వేగం, ఎంత ఎత్తు, ఎవరైనా పడ్డారా అని. పొద్దున్నే ఎవరు నడుస్తున్నారని అడిగింది మీ మామగారొక్కరే. నిజానికి మొదట అడగాల్సింది అదే, అందుకే దానికే ముందు జవాబు చెబుతాను.

నడుస్తారండీ. రోజూ నడుస్తారు. నేను పనిచేసిన చోట ఐదున్నరకి మొదలుపెట్టేవాళ్లం. పట్టాల పక్కన రెండు అడుగుల వెడల్పు కూడా లేని పలకల దారి ఉంటుంది. తెల్లవారుజామున అది మంచుకి తడిసి జారుతుంది. నడుముకి బెల్టు, చేతిలో సుత్తి, రెండో చేతిలో పానా, జేబులో సుద్దముక్క. అడుగడుగునా ఆగి బోల్టు తల మీద ఒక దెబ్బ వేస్తాం. బిగువుగా ఉంటే "ఠంగ్" అని గట్టిగా పలుకుతుంది, చేతికి ఎదురు తన్నినట్టుంటుంది. వదులైతే "టక్" అని చచ్చు శబ్దం వస్తుంది. పానాతో బిగుస్తుందంటే అక్కడికక్కడే బిగిస్తాం. నట్టు ఊరికే తిరుగుతూ పోతోందంటే లోపల చెక్క పోయిందన్నమాట. అప్పుడు సుద్దతో గుర్తు పెట్టి వెంటనే కిందికి చెబుతాం. చూపు కన్నా చెవే ముందు పట్టేస్తుంది. మొదటి నెల నాకేమీ తెలిసేది కాదు. నాతో నడిచిన పెద్దాయన నన్ను కళ్లు మూసుకోమని పక్కపక్కన ఉన్న రెండు బోల్టుల మీద కొట్టి, ఏది వదులో చెప్పమనేవారు.

అది ఏ పట్టా అనుకుంటున్నారు? రైలు పట్టాలాగా ఇనుప దిమ్మ కాదు. పైన్ పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, మేకులు కొట్టి, బోల్టులు వేసి దూలంలా కడతారు. మామూలుగా ఏడెనిమిది పొరలు ఉంటాయి. పైన చక్రం దొర్లే చోట మాత్రం ఒక సన్నటి ఇనుప పట్టీ వేస్తారు. చలికాలం పార్కు మూసి ఉన్నప్పుడు ఏటా కొంత మేర పలకలు విప్పి కొత్తవి వేస్తారు. అందుకే "1920 నాటిది" అంటే ఆ ఆకారం, ఆ దారి 1920వి అని అర్థం. ఆయన చూసిన చెక్కలో చాలా భాగం ఆయన సర్వీసు కంటే చిన్నది.

ఇక ఊగడం. శ్రీను గారు చెప్పింది నిజమే. బండి మలుపు తిరిగేటప్పుడు పక్కకి తోస్తుంది. ఆ తోపుని వందల స్తంభాలు, అడ్డు కట్టెలు తలా కొంచెం పంచుకుని వంగి, మళ్లీ తమ చోటికి వస్తాయి. మేం చూసేది ఊగిందా లేదా అని కాదు, ఊగిన తర్వాత తిరిగి తన చోటికి వచ్చిందా అని.

టకటక విషయంలో మాత్రం శ్రీను గారూ, చిన్న సవరణ. గొలుసు గరగరమంటుంది. ఆ టకటక బండి అడుగున ఉన్న ఇనుప నాలుకది. ఎక్కుడు పొడవునా మధ్యలో రంపపు పళ్లలాంటి పట్టీ ఉంటుంది. బండి పైకి పోతుంటే నాలుక ఒక్కో పన్ను దాటి కింద పడుతూ ఉంటుంది. గొలుసు తెగినా, కరెంటు పోయినా బండి వెనక్కి జారకుండా నాలుక పన్నుకి తట్టుకుని ఆగిపోతుంది. అది వినబడుతున్నంతసేపూ మన మనవళ్లు క్షేమం అన్నమాట. దానికి పేటెంట్ తీసుకున్నది జాన్ మిల్లర్. జాక్ రాబిట్‌ని డిజైన్ చేసిందీ ఆయనే.

మొదటి ప్రశ్నకి ఇప్పుడు వస్తాను. కోస్టర్‌ని పరీక్షించాలంటే రెండు భయాలు తీరాలి. ఒకటి, బండి మధ్యలో ఆగిపోకుండా ఇల్లు చేరుతుందా? రెండు, నిండు బండి పూర్తి వేగంతో వస్తే కట్టడం తట్టుకుంటుందా? ఇవి ఒకదానికొకటి ఎదురు. ఖాళీ బండి, చలి పొద్దు, గట్టిపడిన గ్రీజు: బండి నెమ్మదిస్తుంది, రెండు గుట్టల మధ్య లోయలో చిక్కుకుపోవచ్చు. నిండు బండి, ఎండెక్కిన మధ్యాహ్నం, లేదా పట్టా మీద చినుకులు: అదే బండి పొద్దున్నకంటే బాగా వేగంగా పోతుంది. కాబట్టి ఖాళీగా తిప్పి చూడాలి, బరువుతోనూ తిప్పి చూడాలి. బరువంటే ఇసుక బస్తాలే. సీటుకి మనిషి బరువుకి సరిపడా బస్తాలు పెట్టి కట్టేసి తిప్పేవారు. ఆ తర్వాత కట్టినవాళ్లే ఎక్కేవారు. ఇప్పుడు బస్తాల బదులు నీళ్లు నింపిన బొమ్మలు కూడా వాడుతున్నారు, సెన్సర్లు పెడుతున్నారు. కానీ ఆ రెండు భయాలు అవే.

కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ జెయింట్ డిప్పర్‌ని 1924లో 47 రోజుల్లో కట్టారు. ఇవాళ్టికీ తిరుగుతోంది. 47 రోజుల్లో కట్టి, నూరేళ్లు ప్రతి పొద్దునా పరీక్షిస్తూ వచ్చారు. నాకు రెండోదే గొప్పగా కనిపిస్తుంది.

రాజమండ్రి కోడలు:

అయ్యా, ఇది మామగారికి రెండుసార్లు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని బోల్టు శబ్దం చెప్పడం దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. ఆయనకీ మొదట్లో అలాగే నేర్పారట. పట్టాని బిగించి ఉంచే ఇనుప కీ వదులైతే సుత్తి దెబ్బ తేడాగా పలుకుతుందట.

ఇంకొకటి అడగమన్నారు. అంత వంపుల్లో బండి పట్టా మీద నుంచి ఎందుకు లేవదు? రైలు చక్రానికి లోపలి అంచు ఒక్కటే కదా ఆధారం, పైకి లేస్తే ఆపేది లేదు. జాక్ రాబిట్‌లో జంట దిగుడు దగ్గర మా వాడు సీటు మీద నుంచి లేచానని చెబుతున్నాడు. మరి బండి?

పానా సుత్తి:

మీ మామగారు సరిగ్గా ఆ చోటే పట్టుకున్నారు. అసలు ఈ రోలర్ కోస్టర్ రైల్వేకి పుట్టిన బిడ్డే. మన రాష్ట్రంలోనే మాక్ చంక్ అనే ఊరు ఉండేది, ఇప్పుడు దాని పేరు జిమ్ థోర్ప్. అక్కడ 1827లో కొండ మీది గని నుంచి బొగ్గు దింపడానికి 9 మైళ్ల పట్టా వేశారు. బొగ్గు బండ్లు వాలుకి వాటంతట అవే దొర్లి వచ్చేవి, బ్రేకు పట్టుకుని ఒక మనిషి కూర్చునేవాడు. ఖాళీ బండ్లను పైకి లాగడానికి కంచర గాడిదలు కావాలి కదా, వాటిని కూడా బండ్లలోనే ఎక్కించి కిందికి తెచ్చేవారు. తర్వాత తర్వాత బొగ్గుకి వేరే దారి వచ్చాక, జనమే టికెట్ కొనుక్కుని సరదాకి ఆ వాలు దిగడానికి వచ్చారు.

అది చూసే లామార్కస్ థాంప్సన్‌కి ఆలోచన వచ్చిందంటారు. 1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో స్విచ్‌బ్యాక్ రైల్వే పెట్టాడు. టికెట్ 5 సెంట్లు, వేగం గంటకి 6 మైళ్లు. మనిషి పరుగెత్తితే దాటేస్తాడు. ఆ చివర జనాన్ని దింపి, బండిని ఇంకో పట్టాకి తోసి, మళ్లీ ఎక్కించేవారు. అంత నెమ్మది కాబట్టి లేస్తుందన్న భయమే లేదు.

ఆ తర్వాత తరం బండ్లకి పక్క చక్రాలు వచ్చాయి. పట్టాకి రెండు పక్కలా చెక్క గోడలుంటాయి, బండి ఆ కాలువలో దొర్లుతుంది. పక్కకి పడదు, కానీ పైకి లేస్తే పట్టుకునేది ఏమీ లేదు. అలాంటిది ఇప్పటికీ నిలిచి ఉన్నది చూడాలంటే మీకు రెండు గంటల దూరంలో ఆల్టూనాలో ఉంది, లీప్ ద డిప్స్. 1902లో కట్టారు. ప్రపంచంలో నిలిచి ఉన్న రోలర్ కోస్టర్లలో అదే అన్నిటికంటే పాతది. ఎత్తు 41 అడుగులే. 1985లో మూతపడి 1999లో మళ్లీ తెరిచారు. నేను 2014లో ఎక్కాను. బెల్టు లేదు, ఒళ్లో కడ్డీ లేదు. నెమ్మదిగానే పోతుంది కానీ ఒక్కో దిగుడు దగ్గర బండి పట్టాని వదిలేసిందేమో అనిపించి కడుపులో చెయ్యి పెట్టినట్టయింది. దిగాక మోకాళ్లు వణికాయి. పని తెలిసినవాడిని కాబట్టి ఇంకా ఎక్కువ వణికాయి.

తొందరపడ్డవాళ్లూ ఉన్నారు. 1895లో కోనీ ఐలాండ్ సీ లయన్ పార్కులో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒకటి పెట్టారు. 25 అడుగుల గుండ్రటి చుట్టు, బండి తలకిందులై తిరగాలి. అచ్చంగా గుండ్రంగా చేశారు, తప్పు అక్కడే ఉంది. బండి నేల మీద నుంచి ఒక్కసారిగా వంపులోకి దూరేసరికి మనిషి మీద బరువు 12 రెట్ల దాకా పడేదంటారు. జనం మెడలు పట్టుకుని దిగేవారు. 1901లో వచ్చిన లూప్ ద లూప్‌లో ఆ చుట్టుని కోడిగుడ్డులా సాగదీశారు, నొప్పి తగ్గింది. ఇవాళ్టి ఇనుప కోస్టర్లలో కూడా చుట్టు గుండ్రంగా ఉండదు గమనించండి. ఆ పాఠం ఇసుక బస్తా చెప్పలేదు. బస్తాకి మెడ లేదు కదా.

మీ మామగారి ప్రశ్నకి అసలు జవాబు మళ్లీ జాన్ మిల్లరే. 1919లో ఆయన పట్టా అడుగున దొర్లే చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అంటే బండికి పైన ఒక చక్రం, పక్కన ఒకటి, పట్టా పెదవి కింద ఇంకొకటి. మూడు వైపులా పట్టుకుంటాయి. పిడికిలి బిగించి కర్రని పట్టుకున్నట్టు. బండి పైకి లేవబోతే కింది చక్రం పట్టాకి తగిలి ఆపేస్తుంది. అప్పటిదాకా దిగుళ్లు మెత్తగా ఉండాల్సి వచ్చేది. ఈ చక్రం వచ్చాక ఏం చేశారో చూడండి: మరుసటి ఏడాదే మీ జాక్ రాబిట్, 1927లో కోనీ ఐలాండ్ సైక్లోన్, మొదటి దిగుడే 85 అడుగులు. కెన్నీవుడ్‌లోనే అదే ఏడాది రేసర్. మీ వాడు సీటు మీద నుంచి లేచాడు, బండి మాత్రం లేవలేదు.

ఇంత చెప్పాక నా అనుభవం ఒకటి దాచకూడదు. కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక చిన్న పార్కుకి సీజన్ మొదట్లో తనిఖీకి వెళ్లాను. రిజిస్టర్‌లో ప్రతి రోజూ "నడిచాం" అని సంతకం ఉంది. అన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు. రెండో మలుపు దగ్గర పట్టా కింది అడ్డదూలం మీద సుత్తి వేస్తే మద్దెల మీద తడిగుడ్డ వేసి కొట్టినట్టు పలికింది. దబ్బనంలాంటి మొన పెట్టి నొక్కితే బోల్టు పక్క నుంచి అంగుళంన్నర లోపలికి దిగిపోయింది. పైకి రంగు నిగనిగలాడుతోంది. నీరు బోల్టు రంధ్రం గుండా దిగి లోపల్లోపలే తినేసింది. మూయమన్నాను. ఆ వారాంతం సెలవులు, జనం వస్తారు, సోమవారం మారుస్తామన్నారు. మూయించాను. ఆ రోజు నన్ను వాళ్లు అన్న మాటలు నాకింకా గుర్తున్నాయి. దూలం విప్పి తీసినప్పుడు చేతుల్లోనే రెండు ముక్కలయింది. ఊగడం గురించి ఎప్పుడూ భయపడలేదు నేను. నడవకుండా పెట్టిన సంతకం అంటే భయం.

మెల్బోర్న్ లక్ష్మి:

చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది అన్నగారూ. మా సెయింట్ కిల్డాలో లూనా పార్క్ ఉంది. అక్కడి సీనిక్ రైల్వే అనే పాత చెక్క కోస్టర్ 1912 డిసెంబర్‌లో మొదలైందట. ఇప్పటికీ బ్రేక్ వేసే మనిషి బండి మధ్యలో నిలబడి మనతోపాటే తిరుగుతాడు. పొడవాటి లివర్ పట్టుకుని మలుపు ముందు వెనక్కి వాలతాడు. మేం వెళ్లినప్పుడు ఒక చిన్న అమ్మాయి చేస్తోంది, పాతికేళ్లుంటాయేమో. పైన సముద్రం కనిపించే చోట అందరం అటు చూస్తుంటే ఆ అమ్మాయి మాత్రం ముందున్న పట్టానే చూస్తోంది. అలాంటివి ఇంకా ఎక్కడైనా ఉన్నాయా?

పానా సుత్తి:

ఉన్నాయమ్మా, కొన్నే. కోపెన్‌హాగెన్ టివోలిలో 1914 నాటిది, ఇంగ్లండ్ మార్గేట్‌లో 1920 నాటిది. మార్గేట్‌ది 2008లో తగలబడితే బాగుచేసి 2015లో మళ్లీ తిప్పారు. బ్రేకు మనిషికి ఆ రోజు గాలి, ఎండ, బండిలో ఎంతమంది ఉన్నారు అన్నీ ఒంటికి తెలియాలి. ఉద్యోగం కష్టం.

రాజమండ్రి కోడలు:

మామగారు ఆ దూలం సంగతి విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మూయించాడు కదా, మంచి పని చేశాడు" అన్నారు. ఆయనా ఒకసారి పట్టా అతుకు దగ్గర పగులు చూసి, ఎర్ర జెండా పట్టుకుని ఎదురు పరుగెత్తి బండి ఆపారట. మాకెవరికీ ఇన్నాళ్లూ చెప్పలేదు. మా ఆయనకి కూడా ఇప్పుడే తెలిసింది.

మొన్న ఆదివారం మళ్లీ కెన్నీవుడ్ వెళ్లాం, ఆయన పట్టుబట్టి గేటు తీయకముందే తీసుకెళ్లమన్నారు. బయట నుంచే ఖాళీ బండి తిరుగుతున్న శబ్దం వినిపించింది. చెయ్యి ఎత్తి మమ్మల్ని మాట్లాడొద్దన్నారు. బండి మూడుసార్లు తిరగడం లెక్కపెట్టారు. లోపలికి వెళ్లాక మనవడితో కలిసి ఆయనా ఎక్కారు. దిగాక టకటక ఆగిన చోటే గొలుసు వదిలిందని చెప్పారు.

రెండు సందేహాలు మిగిలాయట. ఒకటి, కీమ్యాన్ వెళ్లేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా చూసుకుంటాడు. అక్కడ దారి ఒక చుట్టు కదా, తిరిగి రావడమే ఉండదు, మరి రెండో పట్టా ఎవరు చూస్తారు? రెండోది, మీ సుత్తి పిడి ఏ కర్ర? ఆయనది తుమ్మ కర్రట, ఆయనే చెక్కుకున్నారట.

అలాగే ఆ బోల్టు శబ్దం ఒకసారి విని తీరాలంటున్నారు. ఇంకో మాట, రైడ్ల తనిఖీ మన రాష్ట్రంలో ఏ శాఖ చూస్తుంది?

పానా సుత్తి:

ఇద్దరం నడిచేవాళ్లమండీ, చెరో పక్క. ఒకరు రాకపోతే రెండో మనిషి రెండు చుట్లు తిరగాల్సిందే. పిడి హికరీ కర్ర, ఇక్కడ అదే దొరుకుతుంది. శాఖ పేరు చెబితే ఆయన నమ్మకపోవచ్చు: వ్యవసాయ శాఖ. తూకాలు కొలతలు చూసే విభాగమే రైడ్లనీ చూస్తుంది.

నా గ్యారేజీలో పాత పట్టా ముక్క ఒకటి ఉంది. రెండు అడుగులు ఉంటుంది. ఎనిమిది పొరలు, పైన ఇనుప పట్టీ, రెండు బోల్టులు ఇంకా దానికే ఉన్నాయి. ఒకటి బిగువు, ఒకటి వదులు. వచ్చే శనివారం నేనూ గుడికి వస్తున్నాను. పది గంటలకి పార్కింగ్‌లో ఉంటాను, సుత్తి కూడా తెస్తాను. ముక్క బరువుగా ఉంటుంది, కిందికి దించడానికి మీవారిని కూడా రమ్మనండి.